రెండు మార్కుల ప్రశ్న

ఇంటర్ ద్వితీయ సంవత్సరం జువాలజీలో తరచుగా అడిగే రెండు మార్కుల ప్రశ్న ఒకటుంది. అత్యవసర హార్మోన్ అని దేన్ని అంటారు, ఎందుకంటారు? ఎడ్రినలిన్ అని రాసి, ప్రమాదం ఎదురైనప్పుడు పోరాడటానికో పారిపోవడానికో అది దేహాన్ని సిద్ధం చేస్తుందని ఒక వాక్యం చేరిస్తే రెండు మార్కులూ పడతాయి. కాస్త చురుకైన పిల్లలు గుండె వేగం పెరుగుతుందనీ, కంటిపాపలు విచ్చుకుంటాయనీ, కాలేయం గ్లూకోజ్‌ని వదులుతుందనీ, పేగుల కదలిక మందగిస్తుందనీ కూడా రాస్తారు. అలాంటి జవాబు పక్కన మార్జిన్‌లో 'గుడ్' అని రాయడం నాకు అలవాటు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ పాఠం చెబుతున్నాను. "అడవిలో పోతుంటే పులి ఎదురైంది అనుకోండి" అని మొదలుపెడతాను. వరంగల్‌లో నా క్లాసులో కూర్చున్న పిల్లల్లో పులిని జూపార్కు బయట చూసినవాడు ఒక్కడూ ఉండడు. వాళ్ళకి ఎదురయ్యేది శనివారం టెస్టు, సోమవారం ర్యాంకుల జాబితా, నెలాఖరున తండ్రి ఫోను. ఆ ఉదాహరణలోంచి పులిని తీసేసి తండ్రిని పెట్టి చూడాలని నాకు ఎన్నడూ తోచలేదు.

ఇది మా అమ్మాయి సంగతి. రాసుకోమని తనే అంది, రెండు షరతుల మీద. పేరు రాయకూడదు. ఇప్పుడు తను ఎలా ఉందో, ఏం చదువుతోందో చెప్పి కథను సుఖాంతం చేయకూడదు. "నీ తెలివితక్కువతనం గురించి రాసుకో నాన్నా, అది నీ సబ్జెక్టే కదా" అంది. కాబట్టి నా సబ్జెక్టుకే కట్టుబడి ఉంటాను.

లెక్చరర్లలో చాలామందికి ఉండే జబ్బు నాకూ ఉంది. పనిచేసే కాలేజీలో సొంత పిల్లని చేర్చం. కరోనా సద్దుమణిగాక, పదో తరగతి అయిపోగానే, హైదరాబాద్‌లో పెద్ద పేరున్న ఒక రెసిడెన్షియల్ కాలేజీలో బైపీసీలో వేశాను. నీట్ కోచింగ్‌తో కలిపి. తెల్లవారుజామున లేవడం, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్స్, ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి ఇంటికి ఒక కాల్. ఆ కాల్‌లో నేను అడిగే మొదటి ప్రశ్న, "ఈ వారం ఎంతొచ్చింది?" రెండో ప్రశ్న, "సెక్షన్‌లో ఎవరికి ఎక్కువొచ్చింది?" తిన్నావా అని అడగడం వాళ్ళమ్మ వాటా. అప్పటికి కాల్ టైం అయిపోయేది.

సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్ళే రోజున కడుపునొప్పి మొదలైంది. మొదట బయట తిండి అనుకున్నాం. తర్వాత గ్యాస్ అనుకున్నాం. హన్మకొండలో పేరున్న కడుపు డాక్టరుకి చూపించాను. స్కానింగ్ చేశారు, ఎండోస్కోపీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. రిపోర్టులు చేతిలో పట్టుకుని బయటికి వస్తూ, మెట్ల మీదే అన్నాను, "ఇంత ఖర్చు పెట్టించి ఏమీ లేదట. ఎందుకమ్మా ఈ నాటకం?" భయం వేసినప్పుడు రక్తం పేగుల్ని వదిలి కండరాల వైపు మళ్ళుతుందని బోర్డు మీద బాణం గుర్తులు వేసి మరీ చెప్పేవాణ్ణి నేనే. రక్తం పేగుల్ని వదిలేసిన మనిషి కడుపు ఎలా ఉంటుందో ఆలోచించలేదు. నొప్పి నిజం. రోగం కడుపులో లేదు, అంతే.

మా అత్తమ్మ మాత్రం ఒక్క నిమిషంలో తేల్చేసింది. దిష్టి. నేను జన విజ్ఞాన వేదిక సభల్లో మాట్లాడి వచ్చిన మనిషిని. "ఉప్పూ మిరపకాయలూ తిప్పితే నీట్ సీటొస్తదా?" అని ఎగతాళి చేశాను. ఆమె పట్టించుకోలేదు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, తల నిమిరి, చేతిలో ఉప్పు పట్టుకుని, ఏదో గొణుక్కుంటూ తిప్పింది. ఇప్పటికీ దిష్టిని నమ్మను. కానీ ఆ ఏడాది మొత్తంలో మార్కుల ఊసు లేకుండా ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది ఆవిడ ఒక్కతే. నా హేతువాదం చేసిన హానితో పోలిస్తే ఆ ఉప్పు ఏ హానీ చేయలేదు.

ఆ తర్వాత హాస్టల్‌లో ఒక సంఘటన జరిగింది. పక్క గది అమ్మాయి ఒక రాత్రి చనిపోయింది. ఇంతకన్నా రాయను, రాయాల్సిన అవసరమూ లేదు. మర్నాడు ఉదయం ఆ వరండా అంతా ఫినాయిల్‌తో కడిగించి, స్టడీ అవర్స్ మామూలుగా నడిపించారట. ఎవరూ దాని గురించి మాట్లాడొద్దని చెప్పారట. మా అమ్మాయి ఆదివారం ఫోన్‌లో చెప్పింది. నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అయ్యో పాపం. దాని గురించి ఆలోచించకు బిడ్డా. పరీక్షలు దగ్గరికొచ్చినయి. మనసు చదువు మీద పెట్టు." కాలేజీ వాళ్ళు వరండా కడిగించినట్టే నేను ఆ మాటతో పిల్ల నోరు కడిగించాను. ఆమె మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడాన్ని మరిచిపోవడం అనుకుని సంతోషించాను.

మరిచిపోయిందేమీ లేదు. సెలవులకు వచ్చినప్పుడు, ఇంట్లో పనిమనిషి ఫినాయిల్ వేసి తుడిస్తే వెళ్ళి మేడ మీద నిలబడేది. అంబులెన్స్ కూత వినబడితే చేతిలో పళ్ళెం అలాగే ఆగిపోయేది. రాత్రి లైటు ఆర్పనిచ్చేది కాదు. ఒకరోజు నేను నెఫ్రాన్ గురించి ఏదో అడిగితే, నా ముఖం వంక చూస్తూ, కళ్ళు ఆర్పకుండా నిలబడిపోయింది. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అని అరిచాను. అరిచేకొద్దీ ఇంకా బిగుసుకుపోయింది. దాన్ని పొగరు అనుకున్నాను.

ఎడ్రినలిన్‌ని త్రీ ఎఫ్ హార్మోన్ అని కూడా చెబుతాం కదా. ఫైట్, ఫ్లైట్, ఫ్రైట్. పోరాటం గురించి, పారిపోవడం గురించి క్లాసులో తెగ అభినయించి చూపించేవాణ్ణి. మూడోదాని గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, గైడులో దానికి వివరం ఉండదు కాబట్టి. పోరాడలేక, పారిపోలేక కొయ్యబారిపోవడం కూడా దేహం తనను తాను కాపాడుకునే పద్ధతే. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టి గంట కొట్టేస్తుంది. ఆ ప్రమాదం నిన్నటిదా, ఇవాళ్టిదా అని విచారించి చెప్పాల్సిన మెదడు ముందు భాగం ఇరవై దాటాకగానీ పూర్తిగా ఎదగదు. ఫినాయిల్ వాసన రాగానే ఆ పిల్ల మళ్ళీ ఆ వరండాలోనే ఉంది. నెఫ్రాన్ గురించి అడుగుతున్న నేనే అక్కడ లేను.

ఇంటర్ మొదటి సంవత్సరం అయ్యేసరికి ఎప్పుడు చూసినా చిరాకు, దేనికైనా తలుపు దబేలుమనడం, మధ్యాహ్నం దాకా నిద్ర, తల దువ్వుకోకపోవడం. డిప్రెషన్ అంటే కిటికీ దగ్గర కూర్చుని కన్నీరు కార్చడం అని సినిమాల్లో చూసి నేర్చుకున్నాను. పదహారేళ్ళ పిల్లల్లో అది దిగులు రూపంలోనే కాదు, విసుగు రూపంలో కూడా వస్తుందని తెలియదు. రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం అలాగే ఉంటే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే డాక్టరుకి చూపించాలని తెలియదు. నేను వేసిన రోగనిర్ధారణ సెల్‌ఫోను. దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ ఫోన్‌లో తను మాట్లాడుతున్నది ఒకే ఒక స్నేహితురాలితో అనీ, ఆ అమ్మాయీ అదే హాస్టల్‌లో అదే రాత్రి ఉందనీ చాలా తర్వాత తెలిసింది.

ఫోను బదులు యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' తెచ్చి ఇచ్చాను. పుస్తకాన్ని ఏమీ అనను, నా తరంలో ఎందరినో లేపి నిలబెట్టింది. కాలు విరిగినవాడికి మెట్లు చూపించిన మేధావిని నేను.

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక జరిగిందంతా గుర్తుందా? ఒక అమ్మాయికి తెలుగులో 99 మార్కులు వస్తే సున్నా వేశారు. అలాంటి తప్పులు బయటపడుతుండగానే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో మా స్టాఫ్ రూమ్‌లో చాయ్ తాగుతూ నేను చెప్పిన తీర్పు: "ఈ కాలం పిల్లలకు తట్టుకునే శక్తి లేదండీ. మనం ఎన్ని తన్నులు తిన్నాం, ఎన్నిసార్లు ఫెయిలయ్యాం!" సున్నా వేసిన పెద్దల శక్తి గురించి ఒక్క మాట అనలేదు. అందరూ తలలూపారు. అలా తలలూపినవాళ్ళలో ఎవరి ఇంట్లో ఏ పిల్ల తలుపేసుకుని పడుకుందో ఎవరికి తెలుసు.

2015–16లో నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పింది. నా సెక్షన్‌లో అరవై మంది. అంటే నలుగురు. ప్రతి ఏడాదీ నలుగురి చొప్పున నా ఎదురుగా కూర్చుని పాఠం విని వెళ్ళిపోయారన్నమాట. వాళ్ళకు నేను పెట్టిన పేర్లు వరుసగా: మొద్దు, బద్ధకం, నస, డ్రామా.

"నాకు బతకాలని లేదు" అని ఒక రాత్రి వాళ్ళమ్మతో అంది. మా ఆవిడ వణుకుతూ వచ్చి చెప్పింది, అడుగుదాం పదండి అంది. నేను ఆపాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని శాస్త్రం చెప్పినంత ధీమాగా చెప్పాను. ఇది నేను చేసినవాటన్నింటికన్నా పెద్ద మూర్ఖత్వం. అసలు శాస్త్రం చెప్పేది పూర్తిగా వేరు. సూటిగా, మెల్లగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఒంటరితనం తగ్గుతుంది. ఆ సంగతి నాకు డాక్టరు చెప్పలేదు, చేసి చూపించింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం కూడా ఒక ప్రహసనమే. మన దగ్గర ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనడం అలవాటు, మానసిక ఆసుపత్రి అక్కడుంది కాబట్టి. నేనూ లెక్కలేనన్నిసార్లు అన్నాను. తీరా నా ఇంట్లో అవసరం పడేసరికి, అన్న జోకులన్నీ తిరిగొచ్చి గుమ్మంలో కూర్చున్నాయి. రేపు పెళ్ళి సంబంధాలు ఎలా వస్తాయి, కాలేజీలో తెలిస్తే ఏమంటారు. వరంగల్‌లో మంచి డాక్టర్లుండగా హైదరాబాద్ తీసుకెళ్ళాను. కరోనా ఎప్పుడో పోయినా ముగ్గురం మాస్కులు పెట్టుకున్నాం. అదే అంతస్తులో పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంటే, పేరు పిలిచేదాకా అక్కడి కుర్చీల్లో కూర్చున్నాం. అక్కడ నిజంగానే మా కొలీగ్ ఒకాయన తగిలాడు. ముగ్గురికీ పళ్ళు క్లీనింగని చెప్పాను. ఆ నవ్వు రాని రోజుల్లో మా అమ్మాయి మొదటిసారి నవ్వింది అప్పుడే.

డాక్టరు ఆ పిల్లని సూటిగా అడిగింది, "చచ్చిపోవాలనిపిస్తోందా?" నేను కుర్చీలోంచి లేవబోయాను. ఆవిడ చేత్తోనే కూర్చోమంది. మా అమ్మాయి కొంచెం ఆగి, "అప్పుడప్పుడు" అంది. అన్నాక భుజాలు కిందికి దిగాయి. మూడు గదుల ఇంట్లో మేం దాచిపెట్టిన ప్రశ్న అంత మామూలుగా బయటికొచ్చి, దాని జవాబు కూడా మామూలుగానే వచ్చింది. తర్వాత నన్ను బయట కూర్చోమంది. పంపేముందు ఏం చదువుకున్నారని అడిగింది. జువాలజీ, ఎమ్మెస్సీ అన్నాను. "అయితే మీకు చెప్పడం సులువు" అంది పాపం, నన్ను ఎరగక.

తెలిసొచ్చాక మనిషి బాగుపడతాడని అనుకుంటాం. నేను అటు నుంచి ఇటు దూకాను. పిల్లను ఇంటికి తెచ్చేశాను, అది సరైన పనే. కానీ ఆ తర్వాత దేనికీ పంపలేదు. పెళ్ళికి వద్దు, బజారుకు వద్దు, పరీక్షలు వద్దు, ఎవరైనా ఇంటికొస్తే లోపలి గదిలో కూర్చో. ఒక్కొక్కటి వద్దన్నప్పుడల్లా ఆ రోజుకు ఆందోళన తగ్గేది, నేను గెలిచాననుకునేవాణ్ణి. మర్నాటికి భయం ఇంకో గది ఆక్రమించుకునేది. చివరికి గేటు తీయడమే కష్టమైంది. తప్పించుకున్న ప్రతిసారీ, తప్పించుకోవడం వల్లే బతికానని మెదడు నేర్చుకుంటుందట. అందుకే కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్టు చిన్న చిన్న మెట్లు కట్టించింది. ముందు గేటు దాకా, తర్వాత సందు చివరి కిరాణా కొట్టు దాకా, తర్వాత తనతో చదివిన ఆ స్నేహితురాలి ఇంటి దాకా. భయం పోయాక వెళ్ళడం కాదు. భయంతోనే వెళ్ళి, అది దానంతట అది దిగేదాకా అక్కడే ఉండటం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది తను, నేను కాదు.

ఊపిరి సంగతి ఇంకా సిగ్గుచేటు. ఒకసారి బస్టాండులో ఫినాయిల్ వాసనకు పానిక్ వచ్చింది. గుండె దడ, చేతివేళ్ళు తిమ్మిర్లు, "నానా, పానం పోతాంది" అంటోంది. నేను భుజాలు పట్టుకుని, "గట్టిగా గాలి పీల్చు! ఇంకా పీల్చు!" అని బస్టాండు అదిరేట్టు అరిచాను. అప్పటికే అవసరానికి మించి పీలుస్తున్న మనిషి. అలా వేగంగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతోనే తల తిరుగుడు, వేళ్ళ తిమ్మిరి. శ్వాసక్రియ పాఠం కూడా నాదే, అదీ ద్వితీయ సంవత్సరమే. చెప్పాల్సింది పీల్చమని కాదు, మెల్లగా, పొడుగ్గా వదలమని. పానిక్ ఎంత భయపెట్టినా, చాలావరకు పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది. పక్కనున్నవాడు కేకలు పెట్టకుండా, నేనిక్కడే ఉన్నానని చెప్పి, కంటికి కనబడేవి ఐదు చెప్పు, చేతికి తగిలేవి నాలుగు చెప్పు అని మెల్లగా ఇవాళ్టిలోకి తెస్తే చాలు.

అది నేర్చుకున్నాక నేను చేసిన నిర్వాకం: ఊపిరి అభ్యాసానికి టైం టేబుల్ వేశాను. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, పక్కన స్టాప్‌వాచ్, గోడ మీద చార్టు, చేసిన రోజు టిక్కు. నిద్రకూ చార్టు, ఎందుకంటే ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని చదివాను. పది గంటల నుంచి నిమిషం తగ్గితే లేపి మరీ అడిగేవాణ్ణి, ఎందుకు పడుకోలేదని. మా అమ్మాయి ఆ చార్టును సైకాలజిస్టుకి చూపించింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "ఇందులో పాసు మార్కులెన్ని సార్?" అంది. తర్వాత నాతో విడిగా మాట్లాడింది. నా సలహాలన్నీ, నా చార్టులన్నీ, నేను లాక్కున్న ఫోనుతో సహా, పిల్ల ఆందోళన తగ్గించడానికి చేసినవి కావట, నా ఆందోళన తగ్గించుకోవడానికి చేసినవట. కోపమొచ్చింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు కడుపులో నొప్పి.

డాక్టరు రాసిన మందు విషయంలోనూ అంతే. వాడిన వారానికే "మార్పేమీ లేదు, అలవాటైపోతుందేమో" అని ఆపేద్దామన్నాను. అలాంటి మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో పిల్లని మరింత కనిపెట్టుకుని ఉండాలి, సొంతంగా ఆపకూడదు అని డాక్టరు చీటీ వెనకాల రాసిచ్చి మరీ పంపింది. ఈసారి మా ఆవిడ గెలిచింది. మందుల డబ్బా తన దగ్గర పెట్టుకుంది.

నేను చేసిన పనుల్లో పనికొచ్చింది ఒక్కటే. సాయంత్రాలు భద్రకాళి చెరువు కట్ట మీద తనతో కలిసి నడవడం. సైకాలజిస్టు పెట్టిన నియమం, నేను మాట మొదలుపెట్టకూడదు. ఇరవై ఏళ్ళకు పైగా గంటల తరబడి మాట్లాడి జీతం తీసుకున్నవాడికి ఇది చిన్న శిక్ష కాదు. మొదట్లో ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా ఇంటికొచ్చేవాళ్ళం. తర్వాతెప్పుడో ఒక సాయంత్రం, కట్ట మధ్యలో, పక్కగది అమ్మాయి గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి పల్లీ చిక్కీ ఇష్టమట. బోటనీ బొమ్మలు బాగా వేసేదట. నేను ఏ సలహా ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా.

ఇంతకీ బాగైపోయిందా అని అడుగుతారు. షరతు గుర్తుంచుకోండి.

నా కాలేజీ సంగతి చెప్పి ముగిస్తాను. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న ప్రతి సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. మా యాజమాన్యం కౌన్సెలర్‌గా ఎవరి పేరు రాసిందో ఊహించండి. జువాలజీ వాళ్ళకు ఇవన్నీ తెలుస్తాయి కదా అన్నారు. నాకు ఆ అర్హత లేదు, చదివినవాళ్ళను తెచ్చి పెట్టండి అని రాసిచ్చాను. కాగితం మీద పేరుంటే చాలన్నారు. వాదన ఇంకా నడుస్తోంది.

మీ పిల్లను చేర్చడానికి వెళ్ళినప్పుడు ర్యాంకుల ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేయకండి. కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, వారానికి ఎన్ని రోజులు ఉంటారు, వాళ్ళతో పిల్ల మాట్లాడింది మీకూ ప్రిన్సిపాల్‌కీ చేరకుండా ఉంటుందా అని అడగండి. జవాబుగా నాలాంటి జువాలజీ లెక్చరర్ని చూపిస్తే లేచి వచ్చేయండి. ఆలోపు ఎవరికైనా అవసరం పడితే, పిల్లలకైనా, మీకైనా, టెలి మానస్ నంబరు 14416. డబ్బు పడదు, ఏ వేళలోనైనా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.